కొండ మీద రాత్రి గడపాలనుకుంటున్నారా? చలి రోజుల ప్రశ్నలకు జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాలు దాదాపు అన్నీ చలి గురించే. సంక్రాంతి సెలవులకు లంబసింగి, వంజంగి, అరకు, ఆదిలాబాద్ అని ముందే అనుకున్నవాళ్లు, తీరా పెట్టె సర్దే వేళకు రాత్రి ఉష్ణోగ్రతలు ఒక్క అంకెలోకి పడిపోవడంతో ఆలోచనలో పడ్డారు. చింతపల్లి, పాడేరు వైపు ఆశ్రమ పాఠశాలల్లో చదువు చెప్పి రిటైరైనదాన్ని, ఇప్పటికీ శీతాకాలం వస్తే పిల్లల శిబిరాలకు తోడు వెళ్తున్నదాన్ని కాబట్టి నాకు తెలిసినది చెబుతాను. కుంపటి గురించిన జవాబు మాత్రం టెంటు ఆలోచన ఉన్నవాళ్లందరూ చదవాలని నా కోరిక.

ప్రశ్న: అమ్మా, లంబసింగిలో రెండు రాత్రులు టెంటులో ఉండటానికి డబ్బు కట్టేశాం. మాతో ఆరేళ్ల పాప, అరవై ఎనిమిదేళ్ల మా అత్తగారు వస్తున్నారు. ఆవిడకు బీపీ, కొంచెం ఆయాసం ఉన్నాయి. అక్కడ సున్నా డిగ్రీలని టీవీలో చెబుతుంటే భయంగా ఉంది. మానుకోమంటారా?
— గృహిణి, విజయవాడ

జవాబు: ప్రయాణం మానుకోకండి తల్లీ. మీ అత్తగారికి టెంటు మాత్రం వద్దు. గోడలూ తలుపులూ గట్టిగా ఉన్న గది, దానికి ఆనుకుని మరుగుదొడ్డి ఉన్నది చూసి తీసుకోండి. అర్ధరాత్రి లేచి, మంచుకు తడిసిన గడ్డి మీద టార్చిలైటు పట్టుకుని నడవాల్సి రావడం ఆ వయసులో చలి కంటే పెద్ద ప్రమాదం. చలికి రక్తనాళాలు కుంచించుకుని బీపీ పెరుగుతుంది కాబట్టి మాత్ర ఒక్క పూట కూడా తప్పకూడదు. ఆయాసానికి ఇన్‌హేలర్ వాడుతుంటే దాన్ని చేతిసంచిలో కాకుండా స్వెటరు లోపల, ఒంటి వెచ్చదనం తగిలేలా ఉంచమనండి. బాగా చల్లబడితే అది మందును సరిగా చిమ్మదు. దగ్గరలోని చెరువులవేనం కొండ మీద సూర్యోదయం చూడటానికి ఆవిడను తెల్లవారుజామున లేపకండి. తొమ్మిది గంటలకు ఎండ ఎక్కాక తాజంగి జలాశయం గట్టున కుర్చీ వేసి కూర్చోబెట్టండి. ఆ ఎండలో కూర్చున్న పెద్దవాళ్ల ముఖాలు నేను చూశాను, మీరూ చూస్తారు.

ఇక మీరిద్దరూ పాపా ఒక రాత్రి టెంటులో ఉండవచ్చు. సున్నా డిగ్రీలన్న వార్తకు హడలిపోనక్కర్లేదు, కొట్టిపారేయనూ వద్దు. చింతపల్లి వ్యవసాయ పరిశోధన స్థానం లాంటి చోట్ల తీసే కొలత, నేలకు నాలుగడుగుల ఎత్తున, గాలి ఆడే తెల్లటి చెక్కపెట్టెలో ఉంచిన థర్మామీటరుది. మీరు పడుకునేది నేల మీద. గాలి కదలని రాత్రి గడ్డి మీద ఉష్ణోగ్రత ఆ పెట్టెలో కంటే ఇంకా కొన్ని డిగ్రీలు తక్కువగా ఉంటుంది. అందుకే పత్రికలో మూడు, నాలుగు డిగ్రీలని వేసిన రోజున కూడా జీపు టాపు మీద, కోసిన పొలంలోని మోళ్ల మీద తెల్లటి పొర కడుతుంది. గోటితో గీస్తే పొడిపొడిగా రాలుతుంది. ఎండ తగిలిన కొద్ది నిమిషాలకు నీరై జారిపోతుంది.

టెంటులో మనిషిని ఏడిపించే చలి కిందినుంచి వస్తుంది. రెండు రగ్గులు కప్పుకుని, కింద పల్చటి షీటు మాత్రమే వేసుకుని రాత్రంతా అటూ ఇటూ దొర్లినవాళ్లను ఎందరినో చూశాను. ఒంటి బరువుకు కింద ఉన్న గుడ్డ అణిగిపోతుంది, దాని పోగుల మధ్య గాలి మిగలదు, నేల మన వేడిని తెల్లవార్లూ లాగేస్తూ ఉంటుంది. మీ దగ్గర మూడు రగ్గులుంటే రెండు కిందే వేయండి. అన్నిటికంటే అడుగున టార్పాలిన్, దాని మీద దళసరి ఫోం చాప, ఆపైన రగ్గులు. ఇంట్లో గొర్రె ఉన్ని గొంగడి ఉంటే తప్పకుండా పట్టుకెళ్లండి. కాస్త తేమ తగిలినా ఉన్ని వెచ్చగానే ఉంటుంది, నూలు బట్ట తడిస్తే ఒంట్లో ఉన్న వేడినీ తీసుకుపోతుంది. టెంట్లు నడిపేవాళ్లకు ఫోను చేసినప్పుడు కప్పుకోవడానికి ఏమిస్తారని అందరూ అడుగుతారు. మీరు పడక కింద ఏమి వేస్తారని అడగండి. జవాబు తడుముకుంటే మరో చోటు చూసుకోండి. స్లీపింగ్ బ్యాగు ఇస్తామంటే దాని మీద రాసి ఉండే అంకెల్లో ‘కంఫర్ట్’ అన్నదాన్నే లెక్కలోకి తీసుకోండి. ‘ఎక్స్‌ట్రీమ్’ అన్న అంకె ప్రాణం నిలవడానికి సంబంధించినది, నిద్రకు కాదు.

పడుకునే ముందు ముగ్గురూ బట్టలు మార్చుకోవాలి. పగలు తిరిగిన బట్టల్లో చెమట ఉంటుంది, ముఖ్యంగా మేజోళ్లలో. పొడి మేజోళ్లు ఒక జత రాత్రికోసమే విడిగా దాచి పెట్టుకోండి. పాపకు మీకంటే ఒక పొర ఎక్కువ వేసి, తలా చెవులూ మూసే టోపీ పెట్టండి. ముఖం మీదికి మాత్రం రగ్గు లాగవద్దు. ఊపిరి ఆడాలి, పైగా ఊపిరిలోని తేమకు రగ్గు చెమ్మగిల్లుతుంది. అదే కారణానికి టెంటు జిప్పు పైన జానెడు తెరిచి ఉంచండి. మొత్తం మూసేస్తే తెల్లవారుజామున లోపలి కప్పంతా చుక్కలు కట్టి, ఎవరు కాస్త కదిలినా నుదుటి మీద చన్నీళ్లు రాలతాయి. పడుకునే ముందు పాపకు వేడి రాగి జావ, ఒక నువ్వుండ పెట్టండి. కడుపులో తిండి అరుగుతుంటే ఒళ్లు వేడిని తయారు చేసుకుంటుంది.

పిల్ల వణుకుతుంటే దగ్గరికి తీసుకుని వెచ్చబరచండి, సర్దుకుంటుంది. వణుకు ఆగిపోయి, మాట ముద్దగా వస్తూ, నడక తూలుతూ, మగతగా ఉంటే మాత్రం ఒంటి వేడి 35 డిగ్రీల కిందికి జారుతోందని అర్థం. పిల్లలకైనా పెద్దలకైనా ఇదే గుర్తు. తడి బట్టలు తీసేసి, పొడివి చుట్టి, పూర్తి తెలివిలో ఉంటేనే తియ్యటి వేడి పాలు పట్టి, వెంటనే ఆసుపత్రికి కదలండి. కొండల్లో చాలాచోట్ల ఫోను సిగ్నల్ ఉండదు. 108కు ఎక్కడినుంచి ఫోను కలుస్తుందో, రాత్రి వేళ దగ్గరలో ఏ వాహనం దొరుకుతుందో చీకటి పడకముందే అక్కడివాళ్లను అడిగి పెట్టుకోండి.

ప్రశ్న: మేడమ్ గారూ, మేం ఐదుగురు స్నేహితులం. ఆన్‌లైన్‌లో టెంటు కొన్నాం. వికారాబాద్ అనంతగిరి కొండల్లో ఒక రాత్రి గడపాలని ఉంది. టెంటులో చిన్న బొగ్గుల కుంపటి పెట్టుకుంటే వెచ్చగా ఉంటుంది కదా? కాస్త మందు పుచ్చుకుంటే చలి తెలియదని కూడా అంటున్నారు.
— ఇంజనీరింగ్ విద్యార్థి, హైదరాబాద్

జవాబు: బాబూ, కుంపటి టెంటులోకి రాకూడదు. నిప్పు ఆర్పేశామనుకున్న కుంపటి కూడా రాకూడదు. బూడిద కింద కణకణలాడే బొగ్గులే ఎక్కువ ప్రమాదం.

బొగ్గు కాలేటప్పుడు కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, కళ్లు మండవు, దగ్గు రాదు. పొగ కనిపించదు కాబట్టి భయమూ వేయదు. రక్తంలో ప్రాణవాయువును మోసే హిమోగ్లోబిన్‌ను అది ప్రాణవాయువు కంటే రెండు వందల రెట్లకు పైగా బలంగా పట్టుకుంటుంది. ముందు తలనొప్పి, తర్వాత వికారం, తర్వాత మగత. నిద్రలో ఉన్నవాడికి తలనొప్పి కూడా తెలియదు. టెంటు గుడ్డ గాలి చొరనిది, లోపల చోటు చిన్నది, చలికి జిప్పులన్నీ మూసేస్తారు. ఈ మూడూ కలిస్తే ఏమవుతుందో నేను చెప్పనక్కర్లేదు.

ఘాటు దారిలో ఒక విశ్రాంతి గృహంలో ఇద్దరు డ్రైవర్లు బొగ్గుల కుంపటి పక్కన పెట్టుకుని, కిటికీ సందులకు గుడ్డలు కుక్కి పడుకున్నారు. తెల్లవారి టీ ఇవ్వడానికి వెళ్లిన కుర్రవాడు ఎంత తట్టినా తలుపు తీయలేదు. గడియ విరగ్గొట్టి అందరం కలిసి వాళ్లను వరండాలోకి ఈడ్చుకొచ్చాం. ఒకాయన వాంతులు చేసుకుంటూ పేరు చెప్పడానికి తడబడ్డాడు. రెండో ఆయన కళ్లు తెరవడానికి చాలాసేపు పట్టింది. ఆసుపత్రికి చేర్చాక ఇద్దరూ బతికారు. అది పెంకుటిల్లు కాబట్టి పైన సందులు ఉన్నాయి. టెంటు అయి ఉంటే ఆ సందులూ ఉండేవి కావు.

ఇది చలి అలవాటు లేని ప్రతి చోటా జరిగే సంగతే. 2021 ఫిబ్రవరిలో అమెరికాలో మనవాళ్లు ఎక్కువగా ఉండే టెక్సాస్‌ను ఊహించని చలి చుట్టేసింది. డాలస్‌లో మైనస్ 19 డిగ్రీల దాకా పడిపోయింది, లక్షల ఇళ్లకు కరెంటు పోయింది. అప్పుడు కొందరు బొగ్గు పొయ్యిలు ఇంట్లోకి తెచ్చుకున్నారు, కొందరు గ్యారేజీలో కారు ఇంజను నడుపుతూ అందులో కూర్చున్నారు. ఆ విషవాయువుకు చనిపోయినవాళ్లలో పిల్లలూ ఉన్నారు. మీరూ కారులో పడుకోవాల్సి వస్తే ఇంజను ఆపి, అద్దం రెండు వేళ్లంత దించి పడుకోండి.

మందు సంగతి. అది పుచ్చుకున్నప్పుడు చర్మంలోని రక్తనాళాలు వెడల్పవుతాయి, లోపలి వేడి రక్తం పైకి వస్తుంది, అందుకే వెచ్చగా అనిపిస్తుంది. నిజానికి ఆ వేడి బయటికి పోతోంది. వణుకు తగ్గుతుంది, జాగ్రత్తా తగ్గుతుంది. చలి రాత్రి ఆరుబయట తాగి పడుకోవద్దని ఒక అమ్మగా చెబుతున్నాను.

వెచ్చదనానికి వేరే దారులున్నాయి. గట్టి మూత ఉన్న స్టీలు సీసాలో వేడినీళ్లు పోసి, దానికి మేజోడు తొడిగి కాళ్ల దగ్గర పెట్టుకుంటే తెల్లవారుజాము దాకా హాయిగా ఉంటుంది. చలిమంట వేసుకోవాలంటే అనుమతి ఉన్న ప్రైవేటు స్థలంలో, టెంటుకు బాగా దూరంగా, గాలి టెంటు వైపు వీచని చోట వేసుకుని, పడుకునే ముందు నీళ్లు పోసి చేత్తో తాకి చూసేంతగా ఆర్పండి. అనంతగిరిలో చాలా భాగం రిజర్వు అడవి. అటవీశాఖ అనుమతి లేకుండా అందులో రాత్రి ఉండటం, నిప్పు రాజేయడం నేరం. ఆకు రాలే ఆ అడవిలో జనవరికి కింద ఎండుటాకులు మడమ లోతున పరుచుకుని ఉంటాయి. ఊరి పక్క అనుమతి ఉన్న శిబిరాల్లో ఉండి, ఉదయం ఎండ ఎక్కాక కోట్‌పల్లి జలాశయంలో కయాకింగ్‌కు వెళ్లండి. లైఫ్ జాకెట్ బకిల్ పెట్టుకోకుండా నీళ్లలోకి దిగవద్దు, ఈ నెలలో నీళ్లు చాలా చల్లగా ఉంటాయి.

ప్రశ్న: ఇంత అకస్మాత్తుగా చలి ఎందుకు పెరిగింది? పైకి వెళ్లేకొద్దీ చలి పెరగాలి కదా, మేం వెళ్లినప్పుడు కొండ మీద కంటే లోయలోనే ఎక్కువగా అనిపించింది. ఎందుకు?
— డిగ్రీ విద్యార్థిని, అనకాపల్లి

జవాబు: మంచి ప్రశ్న అమ్మా. డిసెంబరు దాకా బంగాళాఖాతంలో అల్పపీడనాలు వస్తూ ఆకాశంలో మబ్బు, గాలిలో తేమ ఉంటాయి. పగలు వేడెక్కిన నేల రాత్రి ఆ వేడిని పైకి వదులుతుంటే మబ్బులు, తేమ అందులో కొంత తిరిగి కిందికి పంపుతాయి. అల్పపీడనం వెళ్లిపోయి, మధ్యభారతం మీదుగా పొడి ఉత్తర గాలులు దిగితే ఆ అడ్డు పోతుంది. ఆకాశం నిర్మలంగా, గాలి పొడిగా, రాత్రి పొడుగ్గా ఉంటే నేల వేడి తెల్లవార్లూ పోతూనే ఉంటుంది. నిన్నటిదాకా ఫ్యాను వేసుకున్నవాళ్లం రెండు రోజుల్లో రగ్గు వెతుక్కోవడానికి కారణం ఇదే. మైదాన ప్రాంతాల్లో కనిష్ఠ ఉష్ణోగ్రత 10 డిగ్రీలకో ఇంకా కిందికో దిగి, మామూలు కంటే 4.5 డిగ్రీలు అంతకు మించి తగ్గితే వాతావరణ శాఖ దాన్ని శీతల గాలులుగా ప్రకటిస్తుంది. మన దక్షిణాదిలో ఇది ఏటా ఒకే తీరుగా రాదు కాబట్టే కొత్తగా అనిపిస్తుంది కానీ, 1946 జనవరిలో హైదరాబాద్‌లోనే 6.1 డిగ్రీలు నమోదైంది.

లోయ సంగతి నువ్వు సరిగ్గా గమనించావు. చల్లబడిన గాలి బరువెక్కి వాలు వెంట కిందికి జారి, పల్లంలో నిలిచిపోతుంది. దాని పైన ఉన్న గాలి వెచ్చగా ఉంటుంది. గాలి వీచని రాత్రి కొండ వాలు మధ్యలో ఉన్నవాడికంటే లోయ అడుగున ఉన్నవాడికే ఎక్కువ చలి వేస్తుంది. పాత గిరిజన గూడేలు చాలావాటిని చూడు, పల్లం పొలాలకు వదిలి ఇళ్లు కాస్త మెరక మీద కట్టుకుని ఉంటారు. టెంటు వేసేవాళ్లు దీన్ని గుర్తుంచుకోవాలి. ఫోటోలో అందంగా ఉంటుందని చెరువు ఒడ్డున, కోసిన వరి మడిలో టెంటు వేస్తే ఆ చుట్టుపక్కల అన్నిటికంటే చల్లగా, తేమగా ఉండే చోటే దొరుకుతుంది. అక్కడినుంచి ఒక పదిహేను ఇరవై అడుగులు మెరకకు, తూర్పు ఎండ ముందుగా తగిలే వైపుకు జరిగితే రాత్రే మారిపోతుంది. మరీ శిఖరం మీద వద్దు, గాలి లేస్తే నిలవలేరు.

ప్రశ్న: వంజంగి రెండుసార్లు వెళ్లాం, ఒక్కసారీ మేఘాల సముద్రం కనిపించలేదు. ఈసారి చలి ఎక్కువ కాబట్టి తప్పకుండా కనిపిస్తుందా?
— ప్రైవేటు ఉద్యోగి, రాజమహేంద్రవరం

జవాబు: చలి ఎక్కువైతే మేఘాలు ఎక్కువ కనిపిస్తాయని చాలామంది అనుకుంటారు. లోయలో మేఘం పరుచుకోవాలంటే చలితోపాటు తేమా కావాలి, గాలి కదలకుండానూ ఉండాలి. ఉత్తర గాలి పొడిగా వీచే రోజుల్లో చలి ఎముకలు కొరికినా లోయ ఖాళీగా కనిపించవచ్చు. వాన పడి వెలిసి, ఆకాశం తేటపడిన తర్వాతి ఒకటి రెండు రాత్రులు అన్నిటికంటే మంచి అవకాశం. ముందురోజు సాయంత్రం పాడేరులో దిగి చూడండి. గడ్డి తొందరగా తడెక్కి, చుట్టుపక్కల వంటల పొగ పైకి లేవకుండా ఇళ్ల మీదే పల్చగా పరుచుకుంటే మర్నాడు ఆశ పెట్టుకోవచ్చు.

చీకట్లో రాళ్ల దారి నడవాలి కాబట్టి ఒక్కొక్కరికీ ఒక టార్చి, పట్టు ఉన్న బూట్లు ఉండాలి. ఎక్కేటప్పుడు స్వెటరు విప్పి నడుముకు కట్టుకోండి, పైకి చేరగానే చెమట ఆరకముందే వేసుకోండి. ఈ ఒక్కటి మరిచిపోయి పైన వణుకుతూ నిలబడేవాళ్లే ఎక్కువ. సూర్యుడు ఆరున్నర ప్రాంతంలో కనిపిస్తాడు, అన్నిటికంటే చలి కూడా ఆ వేళకే. చాలామంది ఫోటో తీసుకుని వెంటనే దిగిపోతారు. ఇంకో గంట ఉండండి. ఎండ లోయలోకి జారేకొద్దీ మేఘం కదలడం మొదలై, ఒక్కొక్క కొండ నెత్తిన తేలి, చివరికి కింద గూడెంలోని పశువుల మెడ గంటలు వినిపిస్తాయి. అది ఫోటోలో రాదు.

ప్రశ్న: విశాఖ నుంచి ఒక్క రోజులో వెళ్లి రావాలి. ఇద్దరం అరవై దాటినవాళ్లం, రాత్రి బస వద్దు.
— రిటైరైన దంపతులు, విశాఖపట్నం

జవాబు: మీకు కిరండూల్ ప్యాసింజర్ ఉందిగా. ఉదయం విశాఖలో ఎక్కితే మధ్యాహ్నానికి ముందే అరకులో దిగుతారు. కొత్తవలస–కిరండూల్ మార్గంలో 58 సొరంగాలు ఉన్నాయి. దారిలో శిమిలిగుడ స్టేషను సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉంది, అక్కడ కిటికీ ఎత్తితే గాలి మారిన సంగతి ముఖానికి తెలుస్తుంది. అద్దాల పెట్టెకు టికెట్టు దొరికితే మంచిదే, దొరక్కపోయినా మామూలు పెట్టె కిటికీ చాలు. ఈ నెలలో దారి పొడవునా కాఫీ పళ్లు కోసి కళ్లాల్లో ఆరబోసి ఉంటారు. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గింజ ఎన్ని చేతులు మారి కప్పులోకి వస్తుందో చూడటానికి ఇదే సమయం. అడిగితే వివరంగా చెబుతారు, అడగకుండా కళ్లంలో కాలు పెట్టకండి.

సాయంత్రం ఐదున్నరకే పొద్దు వాలుతుంది, ఆ వెంటనే చలి దిగుతుంది. మధ్యాహ్నం ఎండకు విప్పిన శాలువా చేతికి అందేలా ఉంచుకోండి.

ప్రశ్న: నర్సీపట్నం నుంచి లంబసింగి ఘాటు తెల్లవారుజామున కారులో ఎక్కవచ్చా?
— వ్యాపారి, తుని

జవాబు: ఎక్కకండి. ముందురోజు పగలే చేరి అక్కడ పడుకోండి. తప్పనిసరైతే లైట్లు డిమ్ములోనే ఉంచండి. హైబీమ్ వేస్తే వెలుగు మంచుకు తగిలి మీ కళ్లలోకే వస్తుంది. లోపలి అద్దం మీద ఆవిరి పట్టకుండా ఏసీ గాలిని అద్దం వైపు తిప్పండి. మలుపుల్లో హారను కొట్టండి, ఎక్కుతున్న బండికి దారివ్వండి, ఫోటో కోసం రోడ్డు మీద ఆపకండి. ఆ వేళకు సంతకు మోతలు నెత్తిన పెట్టుకుని రోడ్డు అంచున నడిచే ఆడవాళ్లు ఉంటారు, వాళ్ల చేతుల్లో దీపం ఉండదు.

ప్రశ్న: ఆదిలాబాద్ వైపు చలి ఎక్కువని అంటే చూడాలని ఉంది. కుంటాల, కేస్లాపూర్ ఒకే ప్రయాణంలో చూడవచ్చా?
— ఉపాధ్యాయుడు, కరీంనగర్

జవాబు: చూడవచ్చు మాస్టారూ. ఉత్తర గాలులు తెలంగాణలో ముందుగా తగిలేది ఆదిలాబాద్, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలకే. కుంటాల జలపాతంలో ఈ వేళకు నీళ్లు తగ్గి ఉంటాయి, రాళ్లు మాత్రం నాచు పట్టి జారుతాయి. మడుగులోకి దిగవద్దు, అక్కడ చాలామంది ప్రాణాలు పోగొట్టుకున్నారు. పైనుంచి చూసి రండి.

కేస్లాపూర్‌కు పుష్య అమావాస్యకు జరిగే నాగోబా జాతర వేళ వెళ్తే, శీతాకాలపు బస అంటే ఏమిటో తరతరాలుగా తెలిసినవాళ్లను చూస్తారు. ఈ జాతర జరిపే గోండుల్లోని మెస్రం వంశీయులు గోదావరి జలం కోసం హస్తినమడుగు దాకా కాలినడకన వెళ్లి వస్తారు, అదీ ఏడాదిలో అన్నిటికంటే చలి ఎక్కువున్న నెలలో. తిరిగి వచ్చి కేస్లాపూర్‌లో మర్రిచెట్ల కింద బస చేస్తారు. ఆ చోటు గొప్పతనం నిలబడి చూస్తేనే తెలుస్తుంది. ఆకాశానికీ మనిషికీ మధ్య దట్టమైన కొమ్మలు ఉంటే నేల వేడి అంత తొందరగా పోదు, మంచు కూడా నెత్తిన పడదు. మీరు టెంటు వేసినా, అనుమతి ఉన్న చోట, ఎండు కొమ్మలు లేని చెట్టు చూసి దాని నీడనే వేయండి. జాతరలో వాళ్లది పూజ, మనం అతిథులం. ఫోటోకు ముందు అడగండి.

ప్రశ్న: పాడేరు వెళ్లి వచ్చిన పది రోజులకు మా అబ్బాయికి జ్వరం వచ్చింది. చలి పడలేదని అనుకోవచ్చా?
— ఒక తల్లి, కాకినాడ

జవాబు: అలా అనుకుని ఇంట్లో ఉంచుకోకండి అమ్మా, ఈరోజే డాక్టరుకు చూపించండి. కొండకు వెళ్లి వచ్చిన సంగతి, తేదీలతో సహా, ముందుగా చెప్పండి. మలేరియా పరీక్షతోపాటు స్క్రబ్ టైఫస్ పరీక్ష గురించీ అడగండి. పొదల్లో, గడ్డిలో ఉండే కంటికి ఆనని పురుగు కుట్టడం వల్ల అది వస్తుంది. కుట్టిన చోట సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి పక్కు కట్టవచ్చు. చంకలు, గజ్జలు, నడుము పట్టీ కింద వెతికి చూడండి. అది కనిపించకపోయినా వ్యాధి లేదని కాదు. త్వరగా గుర్తిస్తే మామూలు మందులకే లొంగుతుంది, ఆలస్యమైతే ప్రాణం మీదికి వస్తుంది. తిరగడానికి వెళ్లేవాళ్లు గడ్డి మీద నేరుగా కూర్చోకుండా చాప వేసుకోవాలి, ప్యాంటు అంచులు మేజోళ్లలోకి దోపుకోవాలి, బసకు రాగానే వేడినీళ్లతో స్నానం చేసి బట్టలు మార్చుకోవాలి.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ వాళ్లం కొన్ని రగ్గులు కొని లంబసింగి దగ్గర పంచుదామనుకుంటున్నాం. ఎలా ఇస్తే మంచిది?
— సంఘం కార్యదర్శి, గుంటూరు

జవాబు: మంచి ఆలోచన. రోడ్డు పక్కన కారు ఆపి, కనిపించినవాళ్లకు ఇచ్చి ఫోటోలు తీసుకోవడం మాత్రం వద్దు. రోడ్డు పక్క ఊళ్లకు ఏటా రగ్గులు అందుతూనే ఉంటాయి, లోపలి గూడేలకు ఏమీ రావు. ఏదైనా ఒక ఆశ్రమ పాఠశాల హెడ్మాస్టరుకు, లేదా ఒక గూడెం ఆశా కార్యకర్తకు ముందు ఫోను చేసి ఏం కావాలో అడగండి. నేను పనిచేసిన బడుల్లో పిల్లలకు రగ్గులు ఉండేవి. కొరతగా ఉండేది కింద వేసుకునే దళసరి చాపలకు, మేజోళ్లకు, తెల్లవారి స్నానానికి వేడినీళ్లకు. ఆడపిల్లలు ఇద్దరిద్దరు ఒక రగ్గు కిందకి చేరి, రెండో రగ్గు కింద పరుచుకునేవాళ్లు. నీళ్లు కాచే బాయిలరు ఒకటి బాగుచేయించి ఇస్తే ఆ ఏడాదంతా బడి పిల్లలందరికీ పనికొస్తుంది. రగ్గులే ఇవ్వాలనుకుంటే పల్చటివి ఎక్కువ కాకుండా, దళసరివి తక్కువైనా సరే కొనండి. ఈ ఏడాదికి ఎలాగూ ఆలస్యమైంది కాబట్టి ఇప్పుడు మేజోళ్లు, చెవులు కప్పే టోపీలు పంపండి. రగ్గులూ చాపలూ వచ్చే నవంబరు మొదటివారానికి చేరేలా చూడండి.